పదకొండు చేతుల అడ్డుతెర

బాన్సువాడ,
బస్టాండు వెనక గల్లీ నుంచి

రాజక్కకు, నీ తమ్ముడు సుదర్శనం ఉన్నచోటి నుంచే కాళ్ళకు మొక్కి రాస్తున్నాను. ఇక్కడ నేను, సుగుణ, పిల్ల ముగ్గురం బాగున్నాం. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావకు షుగర్ తగ్గిందా, లేక నువ్వు గుడికి పోయిన గంటలో బాలుషాయి తెప్పించుకుని తింటూనే ఉన్నాడా? పెద్దోడు, కోడలు, చిన్నది అందరూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. మా గురించి ఫికర్ పెట్టుకోకు. మేం బాగున్నాం.

ఫోన్ ఉండగా ఈ కాగితాలేమిటని అంటావు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనిస్తే కదా. "ఎప్పుడొస్తున్నవ్‌రా" అని మొదలుపెడతావు, "బావ గల్లా పక్కన నీకు కుర్చీ గూడ ఏయించిండు" అని ముగిస్తావు. నడుమ నేను ఊ అనడానికే సందు ఉండదు. ఉత్తరంలో అయితే నువ్వు అడ్డం రాలేవు. అద్దాలు పెట్టుకుని నింపాదిగా చదువు. సగం చదివి బావను పిలవకు, మొత్తం చదివాకే చెప్పు.

దసరా లోపల స్టూడియోకు తాళం వేసి సిరిసిల్ల వచ్చేస్తానని, బావ బట్టల దుకాణంలో కూర్చుంటానని నీకు మాటిచ్చాను. ఆ మాట గురించే ఈ ఉత్తరమంతా.

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. ఏడాది నుంచి నేను ఫోన్లో "గిరాకీ మస్తుగున్నదక్కా" అన్నదంతా అబద్ధం. మా గల్లీలోనే రెండు కంప్యూటర్ స్టూడియోలు వచ్చాయి. వాళ్ళ దగ్గర కోటగిరి రైతు నిలబడితే వెనక మంచుకొండలు వస్తాయి, నల్లటోడు తెల్లగా వస్తాడు, ముసలోడు పడుచోడై వస్తాడు. దుబాయి పోయేవాళ్ళు నా దగ్గరికి పాసుపోర్టు ఫోటోకు వచ్చి "ఎంతసేపయితది" అని అడిగేవాళ్ళు. "సాయంత్రం రండి" అంటే నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసి పక్క దుకాణానికి పోయేవాళ్ళు. నేను తొమ్మిదేళ్ళు ఫోటోలు కడిగిన చీకటి గదిలో సుగుణ ఉల్లిగడ్డలు పోసింది. ఇదేందే అంటే "ఖాళీగనే ఉన్నది గద" అన్నది. ఆ మాట నాకు ఎంత గుచ్చుకుందో నీకు రాయలేను. ఎవరైనా వస్తారేమోనని పొద్దంతా దుకాణంలో కూర్చుని ఈగలతో ముచ్చట పెట్టేవాణ్ణి. ఈ ఊరికి వచ్చి తొమ్మిదేళ్ళయింది, బియ్యం మంచివి, నీళ్ళు మంచివి, మనుషులు మంచివాళ్ళే. కానీ నన్ను నీ లెక్క నోరారా తిట్టేవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ "ఫోటో సారూ" అంటారు. సారూ అనిపించుకుంటూ ఎన్నాళ్ళని బతుకుతాడు మనిషి?

అట్లాంటి రోజుల్లో ఎండాకాలం చివర యూసుఫ్ సాబ్ వచ్చాడు. కాలువల ఆఫీసులో నక్షాలు గీసి రిటైరైన పెద్దాయన, డెబ్బై అయిదు దాటి ఉంటాయి. తాను బతికే ఉన్నట్టు పెన్షన్ ఆఫీసుకు ఏటేటా ఫోటో ఇవ్వాలట. నేను ఊరుకుంటానా, "సాబ్, జర మొకం ఏలాడేయండి. గింత ఖుషీగ ఉంటే గీయన పెన్షన్ తోని బతుకుతలేడని అనుమానిస్తరు" అన్నాను. ఆయన నాకంటే నాలుగాకులు ఎక్కువే. చీకటి గదిలోకి తొంగి చూసి, ట్రేల పక్కన ఉల్లిగడ్డలు చూసి, "ఏం మియా, ఉల్లిగడ్డలకు గూడ పాసుపోర్టు ఫోటోలు తీస్తున్నవా" అన్నాడు.

నాకు నవ్వు రాలేదక్కా. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఆయన చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మా జమానాల నక్షా కాపీ చెయ్యాలంటే మిషన్ లేదు, కరెంటు లేదు. కాగితానికి మందు పూసి, మీద నక్షా పెట్టి, ఎండల పెట్టేది. నీళ్ళల్ల కడుగుతే నీలం నక్షా. నిజాంసాగర్ కాలువలన్ని గట్లనే నీలంల చేసినం. ఫోటో గూడ అయితది బేటా. ఎండ ఒక్కటి ఉంటే చాలు. ఎండకు కంప్యూటర్ దుకాణం అడ్డమొస్తదా?"

ఆ మందు రెండు రకాల పొడులతో చేస్తారు. ఒకటి ఆకుపచ్చ పొడి, ఒకటి ఎర్ర గుళ్ళు. ఎర్ర గుళ్ళు నాకు తెలిసినవే, నల్లబడ్డ ఫోటోను తేల్చడానికి వాడేవాళ్ళం. రెండూ నిజామాబాదు పోయి తెచ్చాను. మా పిల్ల ఇంటర్ సైన్సు చదువుతోంది కదా, ఎర్ర గుళ్ళ సీసా మీద ఇంగ్లీషు పేరు చదివి, అందులో సైనైడ్ అనే మాట ఉందని తల్లికి చెప్పింది. నేను స్నానం చేసి వచ్చేలోపల సుగుణ ఆ సీసాను కరివేపాకు చెట్టు కింద గుంట తవ్వి పూడ్చింది. "అన్నం తినే ఇంట్ల విషం పెడ్తవా" అని నా మీద చెంబు విసిరింది. యూసుఫ్ సాబ్ స్వయంగా వచ్చి, "అమ్మా, పేరు భయంకరంగున్నది గని మనిషి మంచోడే, మీ ఆయనకు ఉల్టా" అని చెబితే అప్పుడు తవ్వి ఇచ్చింది. అయినా ఆ ట్రేలు వంటింటి గడప దాటితే కాళ్ళు విరగ్గొడతానంది.

మొదటిసారి చేసినప్పుడు ఏమయిందో చెప్తాను విను. రెండు పొడులు వేర్వేరుగా నీళ్ళలో కలిపి, తరువాత ఒకటి చేసి, చీకట్లో కుంచెతో కాగితానికి పూసి ఆరబెట్టాను. ఆరాక లేత పసుపుపచ్చగా ఉంటుంది. దాని మీద ఒక మునగ రెబ్బ పెట్టి, మీద అద్దం పెట్టి, మేడ మీద ఎండలో పెట్టాను. చూస్తుండగానే కాగితం రంగు మారింది. ఆకుపచ్చగా, తరువాత బూడిద రంగుగా, తరువాత కాలిన పెనం లెక్క. చెడిపోయిందనుకున్నాను. యూసుఫ్ సాబ్ "నీళ్ళల్ల ఎయ్యి" అన్నాడు. వేశాను. పసుపంతా కారిపోయి, అడుగు నుంచి నీలం లేచింది అక్కా. పండుగ నాటి రాత్రి ఆకాశం ఎంత నీలంగా ఉంటుందో అంత నీలం. ఆ నీలంలో మునగాకులు ఒక్కొక్కటి తెల్లగా. ఇన్నేళ్ళలో వేల ఫోటోలు కడిగాను, ఇట్లాంటిది చూడలేదు. సుగుణను పిలిచి చూపించాను. "ఆకు మంచిగొచ్చింది. కూరలెయ్యి" అంది. కానీ పోతూ పోతూ మళ్ళీ వెనక్కి తిరిగి చూసింది. నేను గమనించలేదనుకుంది.

నీళ్ళ సంగతి ఒకటుంది. బోరు నీళ్ళలో కడిగితే నీలం కొంచెం కొంచెంగా వెలిసిపోతుంది. కాలువ నీళ్ళే కావాలి, లేదా వాన నీళ్ళు. యూసుఫ్ సాబ్ నాకు మొదటి రోజే చెప్పాడు, "సాదా నీళ్ళు తప్ప ఇంకేం తగలొద్దు, సబ్బు గిబ్బు దూరం పెట్టు" అని. ఆ మాట గుర్తుంచుకో, నేను మరిచిపోయాను. బోరు నీళ్ళు పనికిరావు కాబట్టి నేను కాలువ నుంచి డబ్బాలు నింపి మోపెడు మీద తెస్తాను. ఊరంతా "ఫోటో సారు పాలు పోస్తున్నడు" అని చెప్పుకుంటోంది.

ఇప్పుడు పటేలు సంగతి. మనిషి మొహం కావాలంటే ఫోటో ఎంత పెద్దదో నెగెటివు అంతే పెద్దది ఉండాలి. నా దగ్గర చిన్న నెగెటివులే ఉన్నాయి. జిరాక్సు దుకాణంవాడు కంప్యూటర్లో పెంచి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు మీద అచ్చువేసి ఇచ్చాడు. కంప్యూటర్ను తిడుతూనే దాని సాయం తీసుకున్నాను, ఆ ముచ్చట బావకు చెప్పకు, ఏడాదిపాటు దెప్పుతాడు. కోటగిరి దిక్కు ఊరి భూమారెడ్డి పటేలు ట్రాక్టరు పూజకు నేను తీసిన ఫోటో ఒకటి ఉంటే, ఆయన మొహాన్ని తలుపంత నీలం ఫోటో చేసి దుకాణం ముందు వేలాడదీశాను. కింద "ఈ మనిషెవరో చెప్పినోళ్ళకు చాయ్ ఉచితం" అని రాశాను. రెండు రోజుల్లో సగం ఊరు నా దుకాణంలో చాయ్ తాగింది.

మూడోరోజు పటేలే వచ్చాడు. తల్లిని కళ్ళ దవాఖానకు తీసుకొచ్చాడట, ఆమె కూడా వెంట ఉంది. పేరు సాయవ్వ, వంగిన నడుము, నిలువెత్తు నోరు.

"ఏం ఫోటోగ్రాఫరూ, నన్ను నీలిమందుల ముంచినవేంది? ఆటోల అందరు నన్నే చూసి నవ్వుతుండ్రు" అన్నాడు పటేలు.

"ముంచింది నేను కాదు పటేలా, సూర్యుడు. అడుగుడుంటే ఆయన్నే అడుగు" అన్నాను.

సాయవ్వ ఆ ఫోటోకు ముక్కు ఆనించినంత దగ్గరగా పోయి చూసింది. "ఒరేయ్ భూమా, మంచిగున్నదిరా. మీ నాయిన మొకం గిట్లనే ఉండె. నీ రంగుల ఫోటోలల్ల నువ్వు సున్నమేసిన గోడ లెక్కుంటవ్. గిండ్ల మనిషి లెక్కున్నవ్" అంది.

పటేలు కోపం అక్కడే చల్లారింది. తల్లి మాట దాటడు. శ్రావణంలో మనుమరాలు స్వప్న పెండ్లి ఉందని, ఎవరింట్లో చూడనిదేదైనా చేసి పెట్టమని అడిగింది సాయవ్వ. నా నోటికి ఆలోచన కంటే తొందరెక్కువని నీకు తెలుసు కదా. "తెరసెల్ల చేస్తనవ్వా" అన్నాను. జీలకర్ర బెల్లం పెట్టేదాకా పిల్లకూ పిల్లగానికీ నడుమ పట్టే అడ్డుతెర. దాని మీద పిల్ల ఇంటి ఆడవాళ్ళందరి చేతులు అచ్చు పడేటట్టు చేస్తానన్నాను. అప్పటికి బట్ట మీద నేను ఒక్కసారి కూడా చేసి ఎరగను.

యూసుఫ్ సాబ్ నెత్తి పట్టుకున్నాడు. సుగుణ మాత్రం సూటిగా చెప్పింది: "గిదన్న కరెక్టుగ చెయ్యి. చెయ్యకపోతే దసరాకు సామాను సర్దుదాం. నీకిగ ఊరూరు తిరిగి దుకాణాలు పెట్టే వయసు లేదు." ఇదీ అక్కా అసలు సంగతి. ఆ ఒక్క తెర కుదిరితే ఉంటాం, కుదరకపోతే బావ పక్కన కుర్చీ.

ఉగాదికి బావ పంపిన కోరా బట్ట తీశాను. గంజి పోవడానికి మూడుసార్లు ఉడకబెట్టాను. మందు పూసి ఆరబెట్టి, గొడుగు బట్టలో చుట్టి పెట్టుకుని ఎండ కోసం కూర్చున్నాను. శ్రావణం కదా, నాలుగు రోజులు మబ్బు వీడలేదు. పూసిన మందు పాతబడి పనికి రాకుండా పోయింది, మళ్ళీ ఉడికించి, మళ్ళీ పూశాను. అయిదోరోజు తెల్లవారగానే ఎండ. ఆటో మాట్లాడుకుని యూసుఫ్ సాబ్, నేను పటేలు ఇంటికి ఉరికాం.

వాకిట్లో రెండు తలుపులు పడుకోబెట్టి వాటి మీద బట్ట పరిచి, ఎండ తగలకుండా గొడుగు బట్ట కప్పి ఉంచాం. స్వప్న, వాళ్ళమ్మ, మేనత్తలు, చిన్నమ్మలు, సాయవ్వ అందరూ చుట్టూ కూర్చున్నారు. మనిషికొక చెయ్యి చొప్పున లెక్క పెడితే పది చేతులే వచ్చాయి. "సరిసంఖ్య పెండ్లికి వద్దు" అని సాయవ్వ, ఒడ్డు మీద పోతున్న బాలవ్వను పిలిచింది. వాళ్ళ మడుల్లో ఏటా నాట్లు వేసే ఆమె. "నా చెయ్యెందుకవ్వా, బురదున్నది" అని బాలవ్వ వెనక్కి జరిగింది. "మా ఇంట్లకు బువ్వ వచ్చింది నీ చేతి నుంచే గద. కడుక్కొని వచ్చి కూసో" అని సాయవ్వ తన పక్కనే కూర్చోబెట్టుకుంది. స్వప్న తల్లి మొహం కొంచెం ముడుచుకుంది గానీ జరిగి చోటిచ్చింది.

"పావుగంట కదలొద్దు" అని, అందరి అరచేతులు బట్ట మీద పెట్టించి, గొడుగు బట్ట లాగేశాను.

"చెయ్యి ఆపుతం గని నోరాపుడు మాతోని కాదు" అంది పెద్ద మేనత్త.

"నోరు ఎంతన్న ఆడియ్యిండ్రి. చెయ్యి ఆడితే మాత్రం తెర మీద చేతులకు బదులు జొన్నరొట్టెలు పడ్తయ్."

ఇగ ఆ పావుగంట నవ్వులే నవ్వులు. సాయవ్వకు ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంది. పడుచుతనంలో చెరుకు కొడుతుంటే కొడవలి తగిలిందట. ఆ వేలు మడిచి దాచుకోబోయింది. "గీ మొండి ఏలు పడొద్దురా, పిల్లగానోళ్ళు చూస్తరు" అంది. "అవ్వా, గదే నీ దస్కత్. గది లేకుంటే నీ చెయ్యని ఎవలకు తెలుస్తది" అన్నాను. ఆమె నన్ను ఒక్క క్షణం చూసి వేలు తెరిచి పెట్టింది.

ఇంటి పక్కన పారే పంటకాలువలో తెరను ముంచాం. ఆడవాళ్ళే నాలుగు అంచులు పట్టుకున్నారు. పసుపు నీళ్ళు పారిపోయి నీలం లేస్తుంటే అందరి నోళ్ళూ మూతపడ్డాయి. నీలి నీళ్ళలో పదకొండు తెల్ల చేతులు. చేతి గాజుల గీతలు కూడా సన్నగా పడ్డాయి. స్వప్న తన చేతిని తానే వెతుక్కుని ముట్టుకుంది. యూసుఫ్ సాబ్ గొణిగాడు, "నలభై ఏళ్ళు కాలువలు గీసిన మియా, కాలువల కడుగుడు గిప్పుడే చూస్తున్న" అని.

ఇక్కడ నోరు మూసుకుని ఇంటికి వచ్చి ఉంటే ఎంత బాగుండేది. సాయవ్వ "రంగు నిలుస్తదారా" అని అడిగింది. నేను మీసం దువ్వుకుని "ఏం పెట్టన్న ఉతుకవ్వా. పోతే గీ మీసం గీకిచ్చుకుంట" అన్నాను. యూసుఫ్ సాబ్ చెప్పిన మాట గుర్తొచ్చేలోపే నోటి నుంచి జారిపోయింది. ఆయన అప్పటికే ఆటోలో కూర్చున్నాడు, వినలేదు.

పెండ్లి ముందురోజు పొద్దున పటేలు మోటార్‌సైకిల్ వచ్చి ఆగింది. వెనకాలే ఆటోలో సాయవ్వ, ఒళ్ళో స్టీలు బేసిను. బేసినులో తెర. తీసి చూస్తే నీలం ఏదీ? వెలిసిన పసుపు రంగు బట్ట, దాని మీద కనీ కనబడకుండా మరకల్లాంటి చేతులు.

"ముందుగాల మీసం తీయి" అంది సాయవ్వ. కానీ ఆమె గొంతులో నవ్వు లేదు.

కొత్త బట్ట ఉతకకుండా పెండ్లి పందిట్లోకి తేరట వాళ్ళింట్లో. నేను పందెం కాశాను కదా, నన్ను గెలిచి నా మీసం తీయించాలని ఆ ముసలమ్మకు సరదా పుట్టింది. బట్టల సోడా వేసి రాత్రంతా నానబెట్టింది. ఆ మనిషి నా లాంటిదే అక్కా, అదే నా ఖర్మ. "నేను ఊకె అన్న కొడుకా. పోదనుకున్న" అని ఆమె చీర కొంగు నోట్లో పెట్టుకుంది.

పటేలు మాత్రం నా మీదికి వచ్చాడు. "రేపు పొద్దుగాల ముహూర్తం. చేతుల తెర చూడమని నాలుగూళ్ళు పిలుచుకున్న. గిప్పుడు తెల్లబట్ట కొనుక్కపోత. ఇగ నీ ముచ్చట గిక్కడికే బంద్" అన్నాడు.

అప్పుడు నాకు బావ గల్లా పక్కన కుర్చీ కనబడింది. నిజంగా కళ్ళముందు కనబడింది, ఆ ఎర్ర రెగ్జిన్‌తో సహా. సుగుణ గడపలో నిలబడి అటక మీది ట్రంకు పెట్టె దిక్కు చూసింది. ఆమె తిడితే బాగుండేది. "పటేలా, మధ్యాహ్నం దాకా ఆగు" అని బేసిను ఎత్తుకుని యూసుఫ్ సాబ్ ఇంటికి పరుగెత్తాను.

ఆయన బట్టను వేళ్ళతో నలిపి చూశాడు. నన్ను నాలుగు తిట్లు తిట్టాడు. అవి ఉర్దూలో ఉన్నాయి కాబట్టి రాయడం లేదు. తరువాత నెమ్మదిగా అన్నాడు: "రంగు పోయింది గని ఇనుము యాడికి పోతది? గా పొడిల ఉన్నదే ఇనుము. గది బట్టలనే కూసున్నది. మా ఆఫీసుల పాత మున్షీలు సిరా ఎట్ల చేసేదో ఎరుకనా? కరక్కాయ ఉడికిచ్చి, గండ్ల తుప్పు మేకులేసేది. ఇనుము, కరక్కాయ కలుస్తే నల్లటి సిరా. నీ బట్టకు కరక్కాయ తాపి చూడు."

దగ్గుకు చప్పరించే కరక్కాయ. కిరాణా దుకాణంలో ఉన్నదంతా కొని యూసుఫ్ సాబ్‌ను వెంటబెట్టుకుని ఇంటికి ఉరికాను. సుగుణ తన వంటపొయ్యి మీద తానే పెద్ద గంజు ఎక్కించింది. ట్రేలు గడప దాటితే కాళ్ళు విరగ్గొడతానన్న మనిషి, ఉడికిన నీళ్ళు వడగట్టి, చల్లార్చి, తానే బేసినులో పోసింది. ముందు ఒక మూల ముంచాం. ఏమీ లేదు. పటేలు గడియారం చూసుకున్నాడు. సాయవ్వ గోడకానుకుని దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తోంది. అంతలో ఆ మూల బూడిద రంగుకు తిరిగింది. తరువాత కారుమబ్బు రంగు. "మొత్తం ఎయ్యి" అన్నాడు యూసుఫ్ సాబ్. మొత్తం వేశాం. మరకల్లా ఉన్నవి ఒక్కొక్కటిగా చేతులవుతున్నాయి. మేనత్తది, బాలవ్వది, స్వప్నది. సాయవ్వ తన మొండివేలు చూసి "వచ్చిందిరో" అంది. 

కడిగి ఆరేస్తే, నీలం కాదు, కాటుక రంగు. చేతులు పాలమీగడ రంగు. నాకైతే మొదటిదానికంటే ఇదే బాగుంది. కానీ పటేలు మొహం మాడిపోయింది.

"నల్లది. పెండ్లిల నల్లబట్ట పడ్తరా ఎవలన్న? మా ఇంట్ల ఎవలు సచ్చిండ్రని?"

ఆ ముక్కకు మందు నా దగ్గర లేదు, యూసుఫ్ సాబ్ దగ్గర లేదు.  సాయవ్వ గోడ వదిలి లేచి వచ్చింది.

"ఒరేయ్ భూమా, పుస్తెల పక్కన నల్లపూసలెందుకు గుచ్చుతర్రా? పెండ్లిపిల్ల బుగ్గకు నల్లచుక్క ఎందుకు పెడ్తర్రా? కంటికి కాటుక ఎందుకు? నాలుగూళ్ళ కండ్లు పడ్తయి నా మనుమరాలి మీద. గా దిష్టంత గీ తెర మింగుతది. తప్పు చేసింది నేను. ఎవలన్న ఏమన్నంటే నా ముంగటికి తోలు, నేను చెప్త."

 పటేలు తెరను తానే మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. అంతే. మోటార్‌సైకిల్ పోయాక నేను మంగలి దుకాణానికి పోయి మీసం తీయించుకున్నాను. మాట మాటే కదా. అద్దంలో చూస్తే మీసం లేని మన చిన్నాయనే నవ్వుతున్నట్టు ఉన్నాడు.

పెండ్లికి నేను, సుగుణ, యూసుఫ్ సాబ్ ముగ్గురం పోయాం. పెద్దాయన షేర్వానీ వేసుకుని వచ్చాడు. పందిట్లో తూర్పు ఎండ తెర వెనక నుంచి పడుతోంది. తెర పట్టగానే చేతులన్నీ వెలిగాయి అక్కా, నేను కూడా అలా అవుతుందని అనుకోలేదు. మగపెండ్లివారి ముసలమ్మ ఎవరి చెయ్యి ఏదని అడుగుతుంటే సాయవ్వ కూర్చున్నచోటి నుంచే అరిచి చెబుతోంది. "గది నాట్లేసే బాలవ్వది. గా పక్కన ఏలు లేనిది నాది." బాలవ్వ వెనక వరుసలో నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. జీలకర్ర బెల్లం పెట్టే ముందు స్వప్న అవతలి నుంచి తన చేతి గుర్తు మీద సరిగ్గా చెయ్యి ఆనించింది. ఇవతల పిల్లగాడు ఆ బట్ట ఉబ్బడం చూశాడు. తానూ చెయ్యెత్తి అక్కడే ఆనించాడు. అయ్యగారు "తెర కదిలియ్యొద్దు బాబూ" అని కసిరాడు. పందిరంతా నవ్వింది. నల్లరంగని ఒక్క నోరు కూడా అనలేదు.

భోజనాల దగ్గర వర్ని నుంచి వచ్చిన ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు, వాళ్ళ పెద్దలు కోస్తా నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారట. "మా అమ్మాయి పెళ్ళి మాఘంలో ఉందండీ. ఇలాంటిదే కావాలి, కాకపోతే మాకు నీలంలో చెయ్యండి" అన్నాడు. మహమ్మద్ నగర్ నుంచి ఒక టీచరమ్మ తన తల్లి మొహం కాగితం మీద చేసిస్తారా అని అడిగింది. రెండే రెండు అక్కా. ఎక్కువ చేసి చెప్పడం లేదు, ఈసారి అబద్ధం లేదు. కానీ ఆ ఇద్దరూ ఎంతసేపయితదని అడగలేదు. ఎండ ఎప్పుడొస్తే అప్పుడే అన్నారు.

మా పక్క విస్తరిలో కూర్చున్న ఆమె సుగుణను "మీ ఆయన ఏం చేస్తడమ్మా" అని అడిగింది. ఈ ఏడాదిగా ఎవరు ఆ మాట అడిగినా సుగుణ ఏదో చెప్పి మాట మార్చేది. ఈసారి బువ్వ కలుపుతూ, నా దిక్కు చూడకుండానే చెప్పింది: "ఫోటోలు చేస్తడు. చేతులతోని చేస్తడు. ఎండలున్నన్ని రోజులు తీరుబాటుండదు."

అక్కా, అమ్మ పోయినప్పటి నుంచి నువ్వు చెప్పిన మాట నేను జవదాటలేదు. బడి మానకు అన్నప్పుడు మానాను, అది ఒక్కటే. ఇప్పుడు రెండోసారి. దసరాకు నేను రావడం లేదు. బావ మీద అలిగి కాదు, ఆ కుర్చీ చిన్నతనమని కాదు. యాభై దగ్గరికొచ్చాక నా చేతులకు ఒక పని దొరికింది, దాన్ని వదిలి వస్తే అక్కడ గల్లా పక్కన కూర్చునేది నేను కాదు, ఉత్త నా బొమ్మ. నువ్వు కోప్పడతావని తెలుసు. కోప్పడు. కానీ రమ్మని ఇంకోసారి అడగకు, నువ్వు అడిగితే నేను వచ్చేస్తాను.

బావకు నా నమస్కారాలు, ఆ కుర్చీలో పెద్దోణ్ణి కూర్చోబెట్టమను. గంజి పెట్టని కోరా బట్ట ఒక తాను ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళ చేత పంపమను. చిన్నాయనకు, చిన్నమ్మకు దండాలు. పిల్లలకు ముద్దులు. సుగుణ, పిల్ల నీ కాళ్ళకు మొక్కుతున్నామని రాయమన్నారు. మా కోసం బెంగపడకు, నిజంగానే బాగున్నాం. మనసు కుదుటపడ్డాక రెండు అక్షింతలు మా దిక్కు వేసి దీవించు.

మాట తప్పినా నీ తమ్ముడే,
సుదర్శనం